షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు నడవడి ఎందుకు అవసరం: పరవాడ నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి. పరవాడలోని ఒక మందుల కర్మాగారంలో మీరు ఇటీవలే షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయ్యారు. మనుషులను నడిపించడానికి పని తెలిసి ఉండటం చాలదా, మంచి నడవడి నిజంగా అవసరమా అన్నది మీ మొదటి సందేహం. పక్క బ్లాకులో అందరినీ భయపెట్టి పని చేయించే ఒక సీనియర్ ప్రతి నెలా లక్ష్యాన్ని అందుకుంటున్నాడు కదా అన్నది రెండవది. దాటిపోయిన సమయానికి చెందిన రీడింగును బ్యాచ్ రికార్డులో, అంటే ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే పత్రంలో, ఇప్పుడు నింపమని పైనుంచి మాట వస్తే ఏం చేయాలన్నది మూడవది. విశాఖపట్నం పరిశ్రమల్లో చాలా ఏళ్లు ఉత్పత్తి విభాగంలో పనిచేసి, ప్రస్తుతం సూపర్‌వైజర్లకు, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లకు శిక్షణ ఇస్తున్నవాడిగా చూస్తే ఈ మూడింటి మూలం ఒకటేనని నాకు అనిపిస్తోంది. అందుకే విడివిడిగా కాక కలిపి సమాధానం రాస్తున్నాను.

పదవీ విరమణ సభల్లో దండ వేసి చెప్పే నాలుగు మంచి మాటల్లో నడవడి కూడా ఒకటిగా మిగిలిపోయింది కాబట్టి, రోజువారీ పనికి దానితో సంబంధం లేదని చాలామంది నమ్ముతారు. నా అనుభవంలో దానికి పనిలో చాలా నిర్దిష్టమైన ప్రయోజనం ఉంది. తన కింద ఏం జరుగుతోందో ఇన్‌చార్జ్‌కు తెలియడమన్నది ప్రధానంగా అతని నడవడి మీదే ఆధారపడి ఉంటుంది. ఎనిమిది గంటల షిఫ్ట్‌లో మీరు స్వయంగా చూడగలిగేది ఎంత? రియాక్టర్ జాకెట్ ఉష్ణోగ్రత కొంచెం కొంచెంగా పెరగడం, పంపు సీల్ దగ్గర సాల్వెంట్ చెమ్మ కనిపించడం, వాల్వు ఎప్పటికన్నా బిగువుగా తిరగడం వంటివన్నీ ముందుగా ఆపరేటర్‌కో, హెల్పర్‌కో, కాంట్రాక్టు ఫిట్టర్‌కో తెలుస్తాయి. ఆ కబురును మీ దాకా తేవాలా, షిఫ్ట్ ముగిసేదాకా ఎలాగోలా నెట్టుకొచ్చి తరువాతి వారికి వదిలేయాలా అన్నది ఆ మనిషి తన మనసులో తేల్చుకునే విషయం. దాన్ని అతడు కంపెనీ విధానాల పుస్తకం తెరిచి తేల్చుకోడు. పోయినసారి ఇలాంటి కబురు తెచ్చినవాడికి మీ దగ్గర ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుని తేల్చుకుంటాడు.

ఈ విషయాన్ని పరిశోధకులు కూడా గమనించారు. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికా పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లోని బృందాలను పరిశీలించి, మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లకు, బృంద నాయకత్వానికి మధ్య సంబంధం ఏమిటో చూశారు. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువగా కనబడతాయని ఎవరైనా అనుకుంటారు. లెక్కలు మాత్రం దానికి విరుద్ధంగా వచ్చాయి. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడి వారు జరిగినదాన్ని దాచకుండా చెప్పుకుంటున్నారు, మిగిలిన చోట్ల భయంతో దాస్తున్నారు అన్న వివరణకు ఆమె అలా చేరుకున్నారు. మీ ప్లాంటులో నియర్ మిస్ రిజిస్టర్, అంటే తృటిలో తప్పిన ప్రమాదాలను రాసే పుస్తకం, ఉండే ఉంటుంది. అందులో నెలల తరబడి ఒక్క నమోదూ లేకపోతే ప్లాంటు సురక్షితంగా ఉందని సంతోషించవద్దని నేను శిక్షణలో పదేపదే చెబుతాను. అంతమంది మనుషులు, అన్ని యంత్రాలు ఉన్నచోట ఏమీ జరగకుండా ఉండదు. జరిగినది ఎవరూ చెప్పడం లేదంతే.

విశాఖలో పనిచేసే మనకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకునే విషయం కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి పన్నెండు మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నత స్థాయి కమిటీ విచారణ జరిపి, ట్యాంకు ఉష్ణోగ్రతను సరిగా గమనించే ఏర్పాటు లేకపోవడాన్ని, భద్రతా నియమాల నిర్లక్ష్యాన్ని, హెచ్చరిక సైరన్ ఉండి కూడా దాన్ని మోగించకపోవడాన్ని ఎత్తి చూపింది. ఇంత పెద్ద దుర్ఘటనను ఏ ఒక్కరి గుణానికో అంటగట్టి చెప్పడం న్యాయం కాదు, నేను ఆ పని చేయను. అయితే సైరన్ మీట నొక్కవలసిన క్షణంలో ఏ కర్మాగారంలోనైనా ఒక మామూలు ఉద్యోగి మనసులో మెదిలే ప్రశ్నను మాత్రం మీరు ఆలోచించాలి. అనవసరంగా నొక్కితే రేపు నన్ను ఏమంటారో అన్న జంకు, నొక్కకపోతే ఏమవుతుందో అన్న భయం కన్నా ఎక్కువగా ఉంటే ఆ చేయి ఆగిపోతుంది. ఆ జంకు పెరిగేదీ తగ్గేదీ ఆ రోజు కాదు, అంతకుముందు గడిచిన వందలాది మామూలు రోజుల్లో.

భోపాల్ తరువాత మన చట్టం కూడా దీన్ని గుర్తించింది. 1987లో అప్పటి ఫ్యాక్టరీల చట్టానికి జరిగిన సవరణలో 41-హెచ్ అనే సెక్షన్ చేరింది. తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా భావించిన కార్మికుడు ఆ సంగతిని నేరుగా కానీ భద్రతా కమిటీ ద్వారా కానీ యాజమాన్యం దృష్టికి, దానితో పాటే ఇన్‌స్పెక్టర్ దృష్టికి తెచ్చే హక్కును ఆ సెక్షన్ ఇచ్చింది. ప్రమాదం ఉందని నమ్మితే వెంటనే సరిదిద్దడం, నమ్మకపోతే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు నివేదించడం మేనేజర్ బాధ్యత అని కూడా చెప్పింది. గొప్ప ఏర్పాటే. కానీ అర్ధరాత్రి రెండు గంటలకు సి షిఫ్ట్‌లో ఉన్న ఒక కాంట్రాక్టు హెల్పర్‌కు ఆ సెక్షన్ సంఖ్య తెలియదు, అతనికి తెలిసింది మీరు మాత్రమే. మీ ముఖం చూసి చెప్పగలిగితేనే ఆ హక్కు అతనికి అందినట్టు.

ఇక మీ సీనియర్ సంగతి. భయంతో లక్ష్యాలు అందుతాయని నేను కూడా ఒప్పుకుంటాను, కొంతకాలం తప్పకుండా అందుతాయి. నడవడి సరిగా లేనివాడు వెంటనే దెబ్బ తింటాడని చెప్పేవారి మాట నిజమైతే ప్రపంచం ఎప్పుడో బాగుపడి ఉండేది. అయితే ఆ అంకెలను నమ్మేముందు అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. భయపడే మనుషులు ముందు పనిని మార్చరు, రిపోర్టును మారుస్తారు. ఆగిపోయిన సమయాన్ని వాష్ సమయంలో కలిపేస్తారు, దిగుబడి తగ్గితే పాత బ్యాచ్‌లో మిగిలినదాన్ని దీనిలో చూపిస్తారు, మెయింటెనెన్స్‌ను వచ్చే నెలకు తోస్తారు. ఆ మనిషికి ప్రమోషన్ వచ్చి వేరే బ్లాకుకు వెళ్లాక, అతని తరువాత వచ్చినవాడి హయాంలో గేర్‌బాక్సులు వరుసగా పోతాయి. అప్పుడు అందరూ కొత్తవాడికి చేతకాదంటారు. ఇలాంటి బదిలీలను ఒకటికి నాలుగుసార్లు దగ్గర నుంచి చూసిన తరువాతే, ఒక ఇన్‌చార్జ్ ఎలాంటివాడో అతడు ఉన్న నెలల లెక్కతో కాక, అతడు వెళ్లిపోయాక వచ్చే ఏడాది లెక్కతో తూచాలన్న అభిప్రాయానికి వచ్చాను.

సామర్థ్యం ఉండి నడవడి తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే దేశం ఉదాహరణ అక్కర్లేదు. 1987లో హైదరాబాదులో మొదలై, దాదాపు యాభై వేల మందికి ఉద్యోగం ఇచ్చే స్థాయికి ఎదిగిన సత్యం కంప్యూటర్స్‌ను నిలబెట్టినవారి తెలివితేటలను ఎవరూ తక్కువ చేయలేరు. 2008లో ఆ సంస్థ కార్పొరేట్ పాలనకే అంతర్జాతీయ పురస్కారం అందుకుంది. 2009 జనవరి 7న ఛైర్మన్ బి. రామలింగరాజు రాసిన లేఖతో ఏడు వేల కోట్ల రూపాయలకు పైబడిన తప్పుడు లెక్కల సంగతి బయటపడింది. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏటికేడు పెరిగిపోయిందని, పులి మీద స్వారీ చేస్తూ దిగే దారి తెలియని స్థితిలో ఉండిపోయానని ఆయన ఆ లేఖలోనే రాసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషిగా తేల్చింది. విశాఖలో కూడా ఎందరి ఇళ్లలోనో ఆ జనవరి నెల ఎంత దిగులుగా గడిచిందో నాకు బాగా గుర్తుంది. మీరు ఆ ఉదంతంలో గమనించవలసింది ఏడు వేల కోట్లను కాదు, మొదటి ఏడాది నాటి ఆ స్వల్ప తేడాను. మీ మూడవ ప్రశ్న సరిగ్గా ఆ పరిమాణంలోనే ఉంది, దాని దగ్గరికి చివరలో వస్తాను.

నడవడి అనగానే చాలామంది డబ్బు విషయంలో నిజాయితీ ఒక్కదాన్నే తలుచుకుంటారు. షిఫ్ట్ స్థాయిలో మీ చేతి మీదుగా పెద్ద డబ్బు పోదు. అక్కడ మనుషులు మిమ్మల్ని చదివేది పంపకాలలో. సంక్రాంతి సెలవుల జాబితాను తీసుకోండి. మీ బృందంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవారు ఉంటారు, అనకాపల్లివారు ఉంటారు, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు ఉంటారు. భోగి నాటికి ఇంట్లో ఉండాలని అందరికీ ఉంటుంది, రియాక్టర్‌కు మాత్రం పండగ ఉండదు. ఆ నాలుగు రోజులు ఎవరు ఆగిపోయారు, పోయిన ఏడాది ఎవరు ఆగారు, మీతో కలిసి టీ తాగేవాడు మూడేళ్లుగా ఒక్కసారైనా ఆగాడా అన్న లెక్క మీ దగ్గర లేకపోయినా వాళ్ల దగ్గర ఉంటుంది, తేదీలతో సహా ఉంటుంది. నూకాలమ్మ జాతరకూ, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికీ ఇదే వర్తిస్తుంది. వరుసగా సి షిఫ్ట్ ఎవరికి పడుతోంది, ఓటీ (ఓవర్‌టైమ్) ఎవరికి దొరుకుతోంది, ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంకు మీదికి ఎక్కే పని ఎప్పుడూ ఎవరి మీదికి వస్తోంది అన్నవి కూడా అంతే. జాబితాను ముందుగా వేసి, దేని ఆధారంగా వేశారో చెప్పి, నోటీసు బోర్డు మీద పెట్టండి. నచ్చనివాడు కూడా దాన్ని ఒప్పుకుంటాడు. చివరి రోజున నోటిమాటతో మార్చితే లాభపడినవాడు కూడా మిమ్మల్ని నమ్మడు, ఎందుకంటే వచ్చే ఏడాది తన వంతు కూడా అలాగే మారుతుందని అతనికి తెలుసు.

మాట తీరు గురించి కూడా చెప్పాలి. పర్మనెంటు ఉద్యోగిని గారు చేర్చి పిలుస్తూ, అతని పక్కనే నిలబడిన, వయసులో తండ్రి వంటి కాంట్రాక్టు హెల్పర్‌ను ఒరేయ్ అని పిలిచే అలవాటు మన పారిశ్రామిక ప్రాంతమంతటా ఉంది. ఇది నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. ఆ హెల్పర్ రేపు వాల్వు దగ్గర ఏదో తేడా చూస్తే, ఒరేయ్ అన్నవాడి దగ్గరికి వచ్చి చెప్పడు. తన మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ వీలు చూసుకుని చెబుతాడు, ఈ లోపు గంట గడుస్తుంది. గౌరవం ఇవ్వడం మర్యాద కోసమని మీకు అనిపించకపోయినా, ఆ గంట కోసమైనా ఇవ్వండి.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించుకోవాలి. మంచి నడవడి అంటే మెత్తదనం కాదు. అందరికీ సరే అనేవాడు, ఎవరి మనసూ నొప్పించనివాడు, హెల్మెట్ లేకుండా పైకి ఎక్కుతున్నవాడిని చూసి పోనీలే అని ఊరుకునేవాడు చాలా ప్రమాదకరమైన ఇన్‌చార్జ్. వర్క్ పర్మిట్ మీద సంతకం పెట్టేముందు గ్యాస్ టెస్ట్ చేశారా, లైన్‌ను నిజంగా ఐసోలేట్ చేశారా, అంటే మిగతా లైన్ల నుంచి వేరు చేశారా అని స్వయంగా వెళ్లి చూసి, కాకపోతే ఎంతటివారి పనైనా ఆపేసే మొండితనం కూడా నడవడిలో భాగమే. ఆ మొండితనం అందరి విషయంలో ఒకేలా ఉండాలి, తన విషయంలో ఇంకొంచెం ఎక్కువగా ఉండాలి. మీ సీనియర్ కఠినంగా ఉండటంలో తప్పు లేదు. ఆ కాఠిన్యం ఎప్పుడు ఎవరి మీద పడుతుందో కిందివారికి ముందుగా తెలుస్తుందా లేదా అన్నది నేను చూస్తాను. నియమం తప్పితే ఇన్‌చార్జ్ ఊరుకోడని తెలిసిన చోట మనుషులు నియమాన్ని చూసుకుంటారు, ఇన్‌చార్జ్ మనసు బాగోలేకపోతే ఊరుకోడని తెలిసిన చోట అతని మొహాన్ని చూసుకుంటారు. అలాగే పని తెలియనివాడి మంచితనం కూడా చాలదు. నిజం చెప్పడానికి వచ్చినవాడి మాటలోని సాంకేతిక విషయం మీకు అర్థం కాకపోతే, అతడు రెండోసారి రాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన తరువాత ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ వారంలో ప్లాంటులను మళ్లీ నిలబెట్టిన మనుషుల్లో చాలామంది సొంత ఇళ్ల రేకులు ఎగిరిపోయి ఉన్నాయి. ఎవరూ హాజరు వేయలేని ఆ రోజుల్లో ఎవరి విభాగానికి మనుషులు పిలవకుండానే నడిచి వచ్చారో, ఎవరి విభాగానికి కబురు పంపినా రాలేదో గమనించిన వారికి నేను ఇంతవరకు చెప్పినదంతా కొత్తగా ఉండదు.

నడవడికి అన్నింటికన్నా గట్టి పరీక్ష, ఫిర్యాదు మీ దగ్గర అందరికన్నా బాగా పనిచేసేవాడి మీద వచ్చినప్పుడు ఎదురవుతుంది. ఒక మహిళా ఉద్యోగి లైంగిక వేధింపుల గురించి మీతో చెప్పిందనుకోండి. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని, విచారణ 90 రోజుల్లో ముగియాలని, వివరాలు గోప్యంగా ఉంచాలని 2013 చట్టం చెబుతోంది. కాబట్టి అక్కడ మీ పని తీర్పు చెప్పడం కాదు, రాజీ కుదర్చడం అంతకన్నా కాదు. ఆమె ఫిర్యాదును కమిటీకి చేర్చడంలో సాయపడటం, ఈ లోపు ఆమెకు షిఫ్ట్‌లో ఇబ్బంది కలగకుండా చూడటం. వాడు లేకపోతే ఈ నెల డిస్పాచ్ ఆగిపోతుందన్న ఆలోచన మీకు తప్పకుండా వస్తుంది. ఆ ఆలోచనకు మీరు లొంగారా లేదా అన్నది మొత్తం ఫ్లోరుకు రెండు రోజుల్లో తెలిసిపోతుంది, గోప్యత ఎంత పాటించినా సరే.

ఇప్పుడు బ్యాచ్ రికార్డు విషయం. తెల్లవారుజామున మూడు గంటలకు తీసుకోవలసిన ఉష్ణోగ్రత రీడింగు ఎవరూ తీసుకోలేదు, ఆరు గంటలకు షిఫ్ట్ మారుతుంది, ముందు వెనుక రీడింగులు బాగానే ఉన్నాయి కాబట్టి మధ్యది కూడా అంతే ఉంటుంది, రాసేయమంటారు. మందుల తయారీలో పని చేసిన సమయంలోనే, చేసినవాడే నమోదు చేయాలన్నది పునాది సూత్రమని మీకు తెలుసు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ అధికారులు కర్మాగారంలో అడుగు పెట్టినప్పుడు వెతికే మొదటి విషయాల్లో ఇది కూడా ఉంటుంది. కానీ తనిఖీ భయాన్ని పక్కన పెట్టి ఆలోచించండి. మీరు ఆ అంకె రాసే సమయంలో మీ ఆపరేటర్ పక్కనే ఉంటాడు. అవసరమైతే ఇక్కడ అంకెలు పుట్టించవచ్చని అతడు ఆ క్షణంలో నేర్చుకుంటాడు. ఆ తరువాత అతడు తెచ్చే ప్రతి రీడింగునూ మీరు అనుమానించవలసిందే, అనుమానించే హక్కు మాత్రం మీకు ఉండదు.

రాయనని చెప్పే పద్ధతి కూడా ముఖ్యం. నలుగురిలో సూత్రాలు వల్లించి పై అధికారిని ఇరుకున పెట్టవద్దు. విడిగా వెళ్లి, "సార్, మూడు గంటల రీడింగు మిస్సయింది. అంకె నేను రాయలేను. ఆ గడి ఖాళీగానే ఉంచి, కారణం రాసి, ఇవాళ్టి తేదీ, సమయం వేసి సంతకం పెడతాను, డీవియేషన్ కూడా నేనే తెరుస్తాను. రికార్డర్ చార్టులో ఆ సమయపు గీత ఉంటే జత చేద్దాం" అని చెప్పండి. (డీవియేషన్ అంటే పద్ధతి తప్పిన సంగతిని నమోదు చేసే పత్రం.) వద్దంటూనే చేయగలిగిన పనిని కూడా చూపించారు కాబట్టి చాలామంది అధికారులు ఇక్కడితో ఒప్పుకుంటారు, వారి మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉందే కానీ వారిలో ఎక్కువమంది చెడ్డవారు కారు. అయినా పట్టుబడితే క్వాలిటీ అష్యూరెన్స్ విభాగానికి తెలియజేయండి, ఆ విభాగాన్ని ఉత్పత్తి నుంచి విడిగా ఉంచేది ఇందుకే. మీది లిస్టెడ్ కంపెనీ అయితే, 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం ఉద్యోగులు తమ ఆందోళనను భయం లేకుండా తెలియజేసే ఏర్పాటు ఉండి తీరాలి. ఎవరికి రాయాలో ఇప్పుడే, అవసరం పడకముందే తెలుసుకుని పెట్టుకోండి. దీనివల్ల మీకు ఏ ఇబ్బందీ రాదని నేను హామీ ఇవ్వలేను. ఒక ఇంక్రిమెంటు తగ్గవచ్చు, కొన్నాళ్లు మాటలు ఉండకపోవచ్చు. ఈ నష్టాన్ని ముందే లెక్క వేసుకుని, ఇంట్లో కూడా చెప్పి ఉంచుకున్నవారు ఆ సమయంలో తడబడకుండా నిలబడటం నేను చూశాను.

డీవియేషన్ తెరిచాక కారణం గడిలో ఆపరేటర్ అజాగ్రత్త అని ఒక్క మాట రాసి ముగించవద్దు. మరునాడు అతన్ని కూర్చోబెట్టి అసలేం జరిగిందో అడగండి. ఒక మనిషి ఆ రాత్రి రెండు రియాక్టర్లు చూస్తున్నాడేమో, మూడు గంటలకే రెండవదానిలో ఛార్జింగ్ పడిందేమో, హెల్పర్ రాక డ్రమ్ములు కూడా తనే దొర్లించాడేమో. అదే నిజమైతే సి షిఫ్ట్‌లో మనుషుల సంఖ్య చాలడం లేదని ఆ డీవియేషన్‌లోనే రాసి, మీ సంతకం పెట్టి పైకి పంపండి.